కొంచెమే అయినా నిత్యం

జనవరిలో చేతికి వచ్చిన కొత్త డైరీ మనలో చాలామంది ఇళ్ళల్లో ఉంటుంది. మొదటి పేజీలో ముత్యాల్లాంటి అక్షరాలు, నిండా రాసిన పంక్తులు, ఈ ఏడాది ప్రతిరోజూ తప్పకుండా రాయాలన్న సంకల్పం. రెండో వారానికి పంక్తులు తగ్గుతాయి. ఫిబ్రవరికి పాల లెక్క, బియ్యం లెక్క మిగులుతాయి. ఆ తర్వాత అన్నీ తెల్లకాగితాలే. పిల్లలు వాటిమీద కూడికలు, తీసివేతలు చేసుకుంటారు. ఏడాది చివర ఆ డైరీని చూసి, "మనకు రాత అబ్బలేదు" అనుకొని పక్కన పెట్టేస్తాం.

నిజంగా అబ్బలేదా? లేక మోయలేని బరువును మొదటి రోజే నెత్తికెత్తుకున్నామా? మొదలుపెట్టిన మంచి పనిని మధ్యలో వదిలేయడం కేవలం బద్ధకమేనా, లేక దానికి మనం సమాధానం చెప్పుకోవలసిన బాధ్యత ఏమైనా ఉందా? ఈ ప్రశ్నను కాస్త నింపాదిగా ఆలోచిద్దాం. దీనికి జవాబు వెతుక్కుంటూ దూరం వెళ్ళనక్కరలేదు. రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో బొగ్గుగనుల మధ్య బతికేవారికి ఆ జవాబు కళ్ళెదుటే ఉంది.

గని అడుగున రాసే పుస్తకం

బొగ్గుగని అనగానే మనకు నల్లని ముఖాలు, తలకు దీపాలు, బొగ్గు మోసే యంత్రాలు గుర్తుకొస్తాయి. కానీ గనిలో నిత్యం జరిగే మరో పని ఉంది. అది రాయడం.

గనిలో ఒక్కో భాగానికి బాధ్యుడైన సర్దార్ ఉంటాడు. పనిస్థలంలో గాలి సరిగా ఆడుతోందా, ప్రమాదకరమైన గ్యాసు ఏమైనా చేరిందా, పైకప్పు గట్టిగా ఉందా అని అతను పరీక్షించాలి. కర్రతో కప్పును తట్టి చూస్తే గట్టి రాయి ఒక రకంగా మోగుతుంది, లోపల వీడిపోయిన రాయి డొల్లగా పలుకుతుంది. అలా చూసి, విని, తెలుసుకున్నదంతా షిఫ్టు ముగిశాక అందుకోసమే ఉంచిన పుస్తకంలో రాసి సంతకం చేయాలి. 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలూ, వాటి స్థానంలో 2017లో వచ్చిన నిబంధనలూ ఇలాంటి నివేదికలను తప్పనిసరి చేశాయి.

ఆ రాతలో అలంకారాలు ఉండవు. నాలుగైదు పంక్తులు మించకపోవచ్చు. రాసే మనిషి ఎనిమిది గంటలు భూగర్భంలో తిరిగి అలసిపోయి ఉంటాడు. ఒళ్ళంతా బొగ్గుపొడి, కడుపులో ఆకలి, ఇంటికి వెళ్ళాలన్న తొందర. అయినా రాయాలి. "ఈరోజు రాయాలనిపించడం లేదు" అనే మాటకు అక్కడ చోటు లేదు. ఎందుకంటే ఆ పంక్తులను నమ్ముకొని తర్వాతి షిఫ్టువారు అదే కప్పు కిందికి వెళతారు.

రోజువారీ రాతకు కావలసిన మూడు గుణాలూ ఇందులోనే ఉన్నాయి. అది కొద్దిగా ఉంటుంది. అది ఆగకుండా సాగుతుంది. అది నిజమై ఉంటుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలిన రెండూ నిలబడవు.

వృద్ధాప్యంలో కలిగిన విచారం

దైవప్రవక్త (స) సహచరుల్లో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) ఉన్నారు. ప్రవక్త (స) నోట విన్న మాటలను రాసిపెట్టుకున్న సహచరుల్లో ఆయన ముఖ్యులు. ఆయన రాసుకున్న సంకలనం 'సహీఫా సాదిఖా' అనే పేరుతో ప్రసిద్ధి చెందింది. సత్యమైన గ్రంథం అని ఆ పేరుకు అర్థం.

యౌవనంలో ఆయన ఉత్సాహానికి హద్దు ఉండేది కాదు. ప్రతి పగలూ ఉపవాసం, ప్రతి రాత్రీ నమాజు. ఈ సంగతి ప్రవక్త (స) చెవిన పడింది. ఆయనను పిలిపించి, నీ శరీరానికి నీపై హక్కు ఉంది, నీ కళ్ళకు హక్కు ఉంది, నీ భార్యకు హక్కు ఉంది అని తెలియజెప్పారు. నెలకు మూడు రోజులు ఉపవాసం చాలని సూచించారు. "నేను అంతకన్నా ఎక్కువ చేయగలను" అన్నది ఆ యువకుని పట్టుదల. చివరకు దావూద్ ప్రవక్త (అలై) పద్ధతిలో రోజు విడిచి రోజు ఉపవాసం పాటించడానికి అనుమతి లభించింది. అంతకు మించి వద్దన్నారు.

ఏళ్ళు గడిచాయి. వయసు పైబడింది, ఒంట్లో శక్తి తగ్గింది. తాను మొదలుపెట్టిన దాన్ని విడిచిపెట్టడం ఆయనకు ఇష్టం లేదు, కొనసాగించడమేమో భారమైంది. ఆనాడు ప్రవక్త (స) ఇచ్చిన సౌలభ్యాన్ని స్వీకరించి ఉంటే ఎంత బాగుండేదోనని ఆయన విచారించేవారట. ఈ వృత్తాంతం బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. రాత్రి నమాజులు చేస్తూ తర్వాత మానేసిన ఫలానా వ్యక్తిలా కావద్దని ప్రవక్త (స) హెచ్చరించింది కూడా ఈయననే.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆయన చేయాలనుకున్నది చెడ్డ పని కాదు, ఆరాధన. అలాంటి పనికి కూడా కొలత చెప్పారు. యువకుడి సామర్థ్యాన్ని మాత్రమే కాక, అతను ముసలివాడయ్యే రోజును కూడా దృష్టిలో పెట్టుకొని చెప్పిన కొలత అది. దైవానికి అన్నింటికన్నా ప్రియమైన ఆచరణ కొంచెమే అయినా నిత్యం సాగేదేనని హదీసులు బోధించడంలోని వివేకం ఇదే. ఎక్కువ చేయడం గొప్ప అని మనసు చెబుతుంది. ఎంతకాలం చేస్తావని వివేకం అడుగుతుంది.

ప్రసిద్ధ చరిత్రకారుడు ఇమామ్ తబరీ (839-923) నలభై ఏళ్ళపాటు రోజుకు నలభై పుటలు రాశారని ఆయన జీవితచరిత్రకారులు చెబుతారు. అలాంటి మాట వినగానే మనకూ నలభై పుటలు రాయాలనిపిస్తుంది. ఆ వృత్తాంతంలో మనం చూడవలసింది నలభై పుటలను కాదు, నలభై ఏళ్ళను. పుటల లెక్క ఒక్కొక్కరి శక్తిని బట్టి మారుతుంది. రోజుకు మూడు పంక్తులు రాసేవారికి కూడా నలభై ఏళ్ళు అందుబాటులోనే ఉన్నాయి.

మస్టరు లెక్క

గనుల్లో పనిచేసేవారికి మస్టరు విలువ వేరే చెప్పనక్కరలేదు. పనికి హాజరైన రోజున మస్టరు పడుతుంది. సెలవులకు అదే ఆధారం. 1952 నాటి గనుల చట్టం ఇందులో ఒక చక్కని లెక్క పెట్టింది. వేతనంతో కూడిన సెలవు కోసం, ఉపరితలంపై పనిచేసేవారికి ఏడాదిలో 240 హాజరులు ఉంటే సంవత్సరం పూర్తయినట్టు లెక్కించేవారు. భూగర్భంలో పనిచేసేవారికైతే 190 సరిపోయేవి.

ఏడాదికి 365 రోజులు. అయినా ఆ లెక్కలో 190 రోజులు గనిలోకి దిగినవాడు ఏడాదంతా పనిచేసినట్టే అయ్యేది. భూగర్భంలో పని కష్టమని ఆ చట్టానికి తెలుసు. మనిషికి జ్వరం వస్తుందని, ఇంట్లో పెళ్ళిళ్ళు, చావులు ఉంటాయని తెలుసు. అందుకే మనిషి మోయగలిగిన లెక్క పెట్టింది.

మరి మనకు మనం పెట్టుకునే లెక్కలో ఈపాటి దయ ఎందుకు ఉండదు? ఒక్కరోజు డైరీ రాయకపోతే "అంతా పాడైపోయింది" అనుకుంటాం. రెండో రోజు సిగ్గుపడి పుస్తకం తెరవం. మూడో రోజు దాన్ని అటకెక్కిస్తాం. చూడబోతే మొదటి రోజు తప్పిపోవడం వల్ల రాత ఆగలేదు. ఆ తప్పుకు మనం వేసుకున్న శిక్ష వల్ల ఆగింది. ఒక మస్టరు పోయిందని ఏ కార్మికుడూ ఉద్యోగం మానేయడు కదా!

ఇస్లాం బోధన కూడా మనిషి బలహీనతకు చోటిస్తుంది. రాత్రి పారాయణం చేసుకునే అలవాటున్నవాడు నిద్రలో దాన్ని పోగొట్టుకుంటే, ఫజ్ర్‌కూ జుహ్ర్‌కూ మధ్య చదువుకున్నా రాత్రి చదివినట్టే నమోదవుతుందని ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. వ్యాధిగ్రస్తుడికీ ప్రయాణికుడికీ వారు ఆరోగ్యంగా, ఇంటిపట్టున ఉన్నప్పుడు చేసే పనుల పుణ్యమే రాయబడుతుందని బుఖారీలో ఉంది. తప్పిపోవడం వేరు, వదిలిపెట్టడం వేరు. తప్పిపోయిన వాడికి తిరిగి వచ్చే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

గడియారానికి కాదు, పనికి ముడివేయండి

"రోజూ ఒకే సమయానికి కూర్చొని రాయండి" అని సలహా ఇవ్వడం తేలిక. షిఫ్టుల్లో బతికే ఊరికి ఆ సలహా పనికిరాదు. ఈ వారం ఉదయం షిఫ్టు, పై వారం మధ్యాహ్నం, ఆపై వారం రాత్రి. ఇంటాయన షిఫ్టు మారితే ఇంటి ఇల్లాలి వంట వేళా, నిద్ర వేళా మారతాయి. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు పగలు పడుకుంటే పిల్లలు ఇంట్లో చప్పుడు చేయకుండా తిరగాలి. ఇలాంటి ఇంట్లో రాత్రి తొమ్మిది గంటలకు డైరీ అనే నియమం మూడు వారాల్లో ఒక వారమే నిలుస్తుంది.

నమాజును చూడండి. రోజుకు ఐదు పూటలు, జీవితాంతం. అయినా అది గడియారపు ముల్లుకు కట్టుబడి లేదు. సూర్యుని గమనానికి ముడిపడి ఉంది. వేసవిలో ఫజ్ర్ ముందుగా వస్తుంది, చలికాలంలో ఆలస్యంగా వస్తుంది. వేళ జరుగుతూనే ఉంటుంది, ఆచరణ మాత్రం ఆగదు.

రాతను కూడా అలాగే రోజూ ఎలాగూ జరిగే ఒక పనికి ముడివేయాలి. షిఫ్టు నుంచి వచ్చి స్నానం చేసి టీ తాగిన తర్వాత. పిల్లలను బడికి పంపి తలుపు వేసిన తర్వాత. ఇషా నమాజు ముగిసిన తర్వాత. షిఫ్టు ఏదైనా స్నానం తప్పదు, టీ తప్పదు, నమాజు తప్పదు. వాటి వెంట ఐదు నిమిషాలు, ఐదు పంక్తులు. మొదట్లో ఐదు కూడా ఎక్కువనిపిస్తే రెండు రాయండి. ఒంట్లో బాగాలేని రోజున తేదీ వేసి "ఈరోజు జ్వరం" అని రాసినా ఆ రోజుకు మస్టరు పడినట్టే. ఉత్సాహం పొంగిన రోజున పది పేజీలు రాసుకోవచ్చు. కానీ రేపటి నియమం మళ్ళీ ఐదు పంక్తులే అని గుర్తుంచుకోవాలి. ఒకనాటి ఉత్సాహాన్ని నిత్యనియమంగా మార్చుకోవడమే చాలామంది చేసే పొరపాటు.

మంచి బల్ల లేదు, ప్రత్యేక గది లేదు, తీరిక లేదు అనేవారు ఇద్దరిని తలచుకోవాలి. ఇమామ్ ఇబ్నె తైమియాను డమాస్కస్ కోటలో బంధించి, చివరి రోజుల్లో ఆయన దగ్గరి కాగితం, కలం, సిరా కూడా తీసేశారు. ఆయన బొగ్గుతో రాశారు. 1328లో ఆ చెరలోనే కన్నుమూశారు. మన తెలంగాణలో, నిజాం పాలన చివరి రోజుల్లో, దాశరథి కృష్ణమాచార్య నిజామాబాద్ జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశారు. కాలాలు వేరు, కారణాలు వేరు. ఇద్దరికీ చేతికి దొరికింది బొగ్గు ముక్కే. బొగ్గుకు కొదువలేని ఊళ్ళో ఉంటూ మనం సాధనాలు లేవని చెప్పుకోవచ్చునా?

చూడకుండా రాస్తే?

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. ప్రతిరోజూ రాయాలన్న నియమం పెట్టుకుంటే, చెప్పడానికి ఏమీ లేని రోజున కూడా ఏదో ఒకటి రాస్తాం. అలవాటు రాతను యాంత్రికం చేస్తుంది. చివరకు అది అబద్ధానికి దారితీస్తుంది. అలాంటప్పుడు మనసు పలికిన రోజునే రాయడం నిజాయితీ కాదా?

ఈ అభ్యంతరంలో నిజముంది. సర్దార్ పుస్తకాన్నే తీసుకోండి. నిన్న "అంతా సక్రమం" అని రాశాం, మొన్నా అదే రాశాం కనుక ఈరోజూ కప్పు తట్టి చూడకుండా అదే రాస్తే ఏమవుతుంది? పుస్తకంలో ఖాళీ ఉంటే తర్వాత వచ్చేవాడు కనీసం అనుమానిస్తాడు. అబద్ధపు రాత ఉంటే నిశ్చింతగా లోపలికి వెళతాడు. కనుక చూడకుండా రాసిన పంక్తి ఖాళీ కాగితం కన్నా ప్రమాదకరం.

అలాగని దీనికి మందు రాయడం మానేయడం కాదు. రాసే ముందు చూడటం. నిత్యం రాయాలన్న నియమంలోని అసలు మేలు అక్కడే ఉంది. సాయంత్రం రాయాలని తెలిసినవాడు పగలంతా కాస్త కళ్ళు తెరుచుకొని తిరుగుతాడు. ఎవరితో కటువుగా మాట్లాడాను, ఎవరి బాకీ మరిచాను, దారిలో ఏం చూశాను అని గమనిస్తాడు. రాయడానికి ఏమీ లేదనిపించిన రోజున "ఈరోజు నేను ఏదీ పట్టించుకోలేదు" అని రాసుకుంటే అది నిజమే అవుతుంది, మందలింపూ అవుతుంది.

హజ్రత్ అబ్దుల్లాహ్ (రజి)కి కూడా రాత విషయంలో సందేహం ఎదురైంది. ప్రవక్త (స) కోపంలోనూ సంతోషంలోనూ మాట్లాడతారు కదా, అన్నీ రాయడమెందుకని కొందరు ఆయనను వారించారు. ఆయన రాయడం ఆపేశారు. ఆ సంగతి ప్రవక్త (స)కు విన్నవించుకోగా, తన నోటి నుంచి సత్యం తప్ప మరేదీ వెలువడదు కనుక రాయమని ఆదేశించారు. అప్పుడు ఆయన మళ్ళీ రాశారు. నిత్యం రాసిన ఆ పత్రాలకు గొప్ప గ్రంథమనో పెద్ద గ్రంథమనో కాక, సత్యమైన గ్రంథమన్న పేరు నిలవడం ఎంత అర్థవంతం!

రాయని రాతకు మూల్యం

మన రాత ఎవరికి కావాలి, మనమేమైనా రచయితలమా అని కొందరంటారు. బొగ్గుబావుల బతుకును అల్లం రాజయ్య, పి.చందు వంటి రచయితలు తెలుగు సాహిత్యంలోకి తెచ్చారు. కానీ రాత రచయితల సొత్తు మాత్రమే కాదు.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 2002 జులై 24న క్వీక్రీక్ అనే బొగ్గుగనిలో పనిచేస్తున్న కార్మికులు, పక్కనే ఎప్పుడో మూసేసిన పాత గనిలోకి తెలియక దారి తీశారు. అందులో నిలిచిన నీరంతా వీరి గనిలోకి దూసుకొచ్చింది. తొమ్మిది మంది లోపల చిక్కుకుపోయారు. పాత గని ఎంతవరకు తవ్వారో చూపే చివరి పటం వీరి చేతికి అందకపోవడమే ఈ ప్రమాదానికి కారణమని తేలింది. మూడు రోజులకు పైగా శ్రమించి, పైనుంచి బోరు తవ్వి తొమ్మిది మందినీ బయటికి తీశారు. ఎన్నో ఏళ్ళ కిందటి ఒక కాగితం చేరవలసినవారికి చేరకపోతే ప్రాణాల మీదికి వస్తుందని ఈ సంఘటన చెబుతుంది.

మన ఇళ్ళల్లోనూ ఇలాంటి పాత గనులు ఉన్నాయి. ఎవరికి ఎంత అప్పిచ్చాం, ఎవరి దగ్గర ఎంత తీసుకున్నాం అన్నది ఇంటాయన మనసులో తప్ప ఎక్కడా ఉండదు. దివ్యఖుర్‌ఆన్‌లో అన్నింటికన్నా పొడవైన ఆయత్, అల్ బఖరా సూరాలోని 282వది, అప్పును రాసిపెట్టుకోవడం గురించే. మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందవద్దని అది బోధిస్తుంది. విసుగు మనిషి స్వభావమని, దాన్ని జయించాలని అందులోనే తెలుస్తోంది. అలాగే వీలునామా చేయవలసింది ఉన్న ముస్లిం, దాన్ని రాసి తన దగ్గర పెట్టుకోకుండా రెండు రాత్రులు గడపడం తగదని హదీసు ఉంది.

2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. మామూలు రోజు అనుకొని ఇంటి నుంచి బయలుదేరినవారే వారంతా. ఇది ఎవరినీ భయపెట్టడానికి చెప్పే మాట కాదు. గని ఉన్న ఊరిలో ఏ మనిషీ రేపటి రోజును తన సొత్తుగా భావించలేడు. ఆ మాటకొస్తే గని లేని ఊరిలోనూ అంతే. వెళ్ళిపోయినవారి వెనుక వారి దస్తూరీలో నాలుగు పంక్తులు ఉంటే, ఇంట్లోవారికి బాకీల లెక్క తేలుతుంది. అంతకు మించి, వారి మనసు తెలుస్తుంది.

తట్టలతో బొగ్గు మోసి టబ్బులు నింపిన ఫిల్లర్లు నేడు విశ్రాంత కార్మికులు. ఆ పనిని యంత్రాలు అందుకున్నాయి. చీకట్లో కప్పు పలికే చప్పుడును బట్టి ప్రమాదాన్ని పసిగట్టిన వారి అనుభవం, ఆ పనుల పేర్లు, ఆ మాటలు వారి పిల్లలకు తెలియవు. వారు రోజుకు ఐదు పంక్తులు రాస్తే, రాయలేనివారు చెబుతుంటే మనవరాలు రాసిపెడితే, ఏడాదికి ఒక పుస్తకం అవుతుంది. ఒక్క 190 రోజులు రాసినా తొమ్మిది వందల యాభై పంక్తులు!

చివరిగా ఒక జాగ్రత్త. రాసినదాన్ని పదిమందికి చూపి మెప్పు పొందాలన్న కోరిక నెమ్మదిగా తల ఎత్తుతుంది. మెప్పు దొరకని రోజున కలం ఆగిపోతుంది. సర్దార్ పుస్తకానికి చప్పట్లు కొట్టేవారు ఎవరూ ఉండరు. అయినా అది సాగుతుంది. మన కర్మలను రాసే దైవదూతలు, 'కిరామన్ కాతిబీన్', కూడా అలాగే రాస్తారు. వారు మన సంకల్పాల గొప్పను చూసి మురిసిపోరు, మన చిన్న పనిని చిన్నచూపు చూసి వదలరు. వారి పుస్తకంలో ఏ రోజూ ఖాళీగా ఉండదు.

కనుక సోదర సోదరీమణులారా! అటక మీది ఆ డైరీని దించండి. పోయిన పేజీల గురించి చింతించకండి. ఈ రాత్రి ఇషా తర్వాతనో, రేపు షిఫ్టు దిగిన తర్వాతనో తేదీ వేసి, నిజంగా చూసిన ఒక్క విషయాన్ని రాయండి. రేపు మరొకటి రాయండి. మనం చేయగలిగినంతే మొదలుపెట్టి, మొదలుపెట్టిన దాన్ని నిలబెట్టుకొనే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.